తెలియక జరిగిన తూకపు తప్పు

దేశనూరు, సిరుగుప్ప ప్రాంతములలో తుంగభద్ర నీటి క్రింద పండిన వడ్లు అంగడికి వచ్చు దినములలో వర్తకులు నలుగురు కూడినచో ఒక ప్రశ్న తప్పక లేచును. కావలెనని తక్కువ తూచినవాడు దొంగ. ఇందులో వాదమునకు చోటు లేదు. కాని తక్కెడలో తనకు తెలియని లోపముండి, దాని వలన నెలల తరబడి రైతు గింజ తన కొట్టులోనికి అదనముగా చేరుచున్నచో, ఆ వర్తకునికి దోషము కలదా, లేదా? తెలియదు గదా అని ఒకరందురు. తెలిసికొనవలసినది గదా అని మరియొకరందురు. కాఫీ వచ్చువరకు వాదము నడచును. తరువాత ఎవరి కొట్టునకు వారు పోవుదురు.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో అచౌర్యవ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో రెండు నేరుగా అంగడిలోనివే. ఒకటి హీనాధికమానోన్మానము, అనగా కొనునప్పుడు పెద్ద కొలత, అమ్మునప్పుడు చిన్న కొలత వాడుట. రెండవది ప్రతిరూపకవ్యవహారము, అనగా అసలు సరుకునకు బదులు దానిని పోలిన వేరొక సరుకును చెలామణి చేయుట. ఈ రెండును తెలిసి చేయునవే అని మనము సాధారణముగా అనుకొందుము. కాని అదే గ్రంథము హింసను నిర్వచించునప్పుడు ప్రమాదమును, అనగా అజాగ్రత్తను, ముందు నిలిపినది. ఆ మాట తక్కెడకును వర్తించునా? ఇదియే అసలు ప్రశ్న.

దీనికి కొంత వెలుగు మన అంగళ్లకు చాల దూరమైన చోటి నుండి దొరకుచున్నది. గడచిన అరువది ఏండ్లలో కొందరు శాస్త్రజ్ఞులు ఆకాశమునే తక్కెడలో పెట్టి తూచినారు. వారు తూచినది బరువు కాదు, వేడిమి. అదియు ఒక డిగ్రీలో లక్షవ వంతు వరకు. అంత సన్నని తూకము వేయువారికి తమ తక్కెడ యొక్క పాసంగము చూచుకొనుటయే పనిలో పెద్ద భాగమైనది. వారి కథ వర్తకులు వినదగినది.

ఆ సరుకేమో ముందు చెప్పవలెను. సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట విశ్వము మిక్కిలి దట్టముగా, మిక్కిలి వేడిగా ఉండెను. అప్పటి పొగమంచు వంటి స్థితిలో వెలుగు ఎటును పోలేకుండెను. సుమారు 3,80,000 సంవత్సరములు గడచి, వేడి 3000 డిగ్రీలకు తగ్గినప్పుడు ఆ మంచు విడిపోయి వెలుగునకు దారి దొరకినది. నాటి వెలుగు నేటికిని ప్రయాణము చేయుచునే యున్నది. విశ్వము విస్తరించుటచే ఆ తరంగములు సాగి సాగి, కంటికి కనబడని రేడియో తరంగములుగా మారినవి. దానినే విశ్వ నేపథ్య వికిరణమందురు. దాని వేడి ఇప్పుడు పరమశూన్యమునకు పైన 2.725 డిగ్రీలు మాత్రమే. మన లెక్కలో మంచు గడ్డకట్టు స్థానమునకు 270 డిగ్రీలకు పైగా దిగువ. ఒక ఘనసెంటీమీటరు చోటులో ఈ వెలుగు కణములు నాలుగు వందలకు పైగా ఎల్లప్పుడును ఉండును. 

దీనిని మొదట పట్టినవారు దీని కొరకు వెదకినవారు కారు. అమెరికాలో హోమ్‌డెల్ అను చోట బెల్ కంపెనీ వారి పెద్ద కొమ్ము ఆకారపు ఏరియల్ ఒకటి ఉండెను. 1964లో పెంజియాస్, విల్సన్ అను ఇద్దరు దానితో ఆకాశపు రేడియో ధ్వనులను కొలువబోయిరి. లెక్కకు మించి సుమారు మూడున్నర డిగ్రీల రొద ఒకటి అందులో మిగిలిపోవుచుండెను. ఎటు త్రిప్పినను అంతే, పగలైనను రాత్రియైనను అంతే. వారికది పెద్ద బెడద. ద్రవ హీలియములో ముంచిన చల్లని ప్రమాణమొకటి చేసి, క్షణమొకమారు ఆకాశమును, క్షణమొకమారు ప్రమాణమును చూచుచు సరిపోల్చిరి. అతుకులన్నిటికి లోహపు పట్టీలు అంటించిరి. కొమ్ములో కాపురముండిన పావురముల జంటను పట్టి దూరపు ఊరికి పంపిరి. అవి కొలది దినములలోనే తిరిగి వచ్చినవి. కడకు వానిని కాల్చి చంపిరి. రెట్టలన్నియు కడిగిరి. రొద అంతే నిలిచినది.

ఆ రొద పావురములది కాదు, ఆకాశముది. 1965లో ఆ మాట ప్రచురింపబడెను. 1978లో ఆ ఇద్దరికి నోబెల్ బహుమానము వచ్చెను. తమది కాని నేరమునకు చచ్చిన ఆ రెండు జీవముల మాట శాస్త్ర గ్రంథములలో వేడుక కథగా చెప్పబడుచున్నది. మన పిల్లలు అట్లు చదువకుండిన మేలు.

ఇక్కడ గమనింపవలసినది వేరొకటి కలదు. ఆ రొద వారికి అక్కరలేని సరుకు. కనుకనే దానిని పోగొట్టుటకు కొమ్ము నలుమూలలు గాలించిరి. తక్కెడ తనకు నష్టము కలిగించునట్లు తప్పినచో ఏ వర్తకుడైనను ఆ సాయంకాలమునకే కనిపెట్టును. లాభము కలిగించునట్లు తప్పినచో ఆ తక్కెడ ఏండ్ల తరబడి బ్రదుకును. ముల్లు ఎటు వాలుచున్నదో ఎవరును వంగి చూడరు. తెలియక జరిగినదను మాటలో ఎంత భాగము నిజముగా తెలియనిదో, ఎంత భాగము చూడనిదో విడదీయుట కష్టము.

నేల మీద నుండి ఈ వెలుగును బాగుగా తూచుటకు వీలులేదు. గాలిలోని తేమయే కొన్ని తరంగములలో దానికంటె ఎక్కువగా వెలుగుచుండును. అందుచే గాలిని దాటి పైకి పోవలసి వచ్చెను. అమెరికా వారి కోబి అను ఉపగ్రహమును మొదట స్పేస్ షటిల్‌లో పంపవలెనని తయారుచేసిరి. 1986 జనవరిలో ఛాలెంజర్ ప్రేలిపోగా ఆ దారి మూసికొనిపోయెను. దానిని డెల్టా రాకెట్టులో పట్టునట్లు బరువు దాదాపు సగమునకు తగ్గించి మరల కట్టిరి. 1989 నవంబరు 18న పైకి పోయి, నేలకు 900 కిలోమీటర్ల ఎత్తున తిరుగసాగెను.

అందలి ఫిరాస్ అను పరికరము కట్టిన తీరు వర్తకులకు వెంటనే బోధపడును. నేతిగిన్నెతో నెయ్యి తూచువాడు ముందు గిన్నెకు ధడా కట్టును గదా. ఫిరాస్ ఏనాడును ఆకాశమును ఒంటరిగా తూచలేదు. ఒక ప్రక్క ఆకాశము, రెండవ ప్రక్క తన లోపలనే యున్న ప్రమాణము. ఆ ప్రమాణపు వేడిని కొంచెము కొంచెము మార్చుచు, రెండు ప్రక్కల తేడా దాదాపు సున్న అగునట్లు నిలిపిరి. పరికరమంతయు ద్రవ హీలియముతో చల్లబరచిరి, పరికరపు సొంత వేడి తూకములో కలియకుండునట్లు. అంతటితో ఊరకుండక, పూర్తిగా నల్లనైన మరియొక ప్రమాణమును బాకా నోటికి పెట్టు బిరడా వలె చేసి, అప్పుడప్పుడు పరికరపు నోటిలోనికి దించుచుండిరి. అప్పుడు ఫిరాస్‌కు ఆకాశము కనబడదు. ఎంత వేడియో ముందే తెలిసిన వస్తువు మాత్రమే కనబడును. దానిని సరిగా తూచినదా లేదా? తూచినచో ఆకాశపు తూకమును నమ్మవచ్చును.

ఇట్టి పట్టింపు ఎందుకనిన, 1987లో జపాను నుండి పైకి పోయిన రాకెట్టు పరికరము ఒకటి ఈ వెలుగులో లెక్కకు మించిన మిగులు ఉన్నదని చూపినది. ఆ మిగులు ఎక్కడిదో చెప్పుచు పండితులు ఎన్నో సిద్ధాంతములు వ్రాసిరి. 1990 జనవరిలో వాషింగ్టన్ సమీపమున జరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో జాన్ మేథర్ ఫిరాస్ మొదటి తూకమును చూపెను. తొమ్మిది నిమిషముల చూపుతో వచ్చిన 67 చుక్కలు, మాక్స్ ప్లాంక్ చెప్పిన సూత్రరేఖ మీద వరుసగా కూర్చుండెను. మిగులు లేదు. సభ లేచి నిలిచి చప్పట్లు కొట్టినది. అదే నెలలో కెనడా దేశపు హెర్బర్ట్ గుష్ తన చిన్న బృందముతో ఒక రాకెట్టు పంపి, కొన్ని నిమిషములలో అదే తూకమును వేరుగా సాధించెను. ఆయన పేరు ఇప్పుడు కొలదిమందికే తెలియును. రెండు వేరు తక్కెడలు, ఒక దానితో ఒకటి మాటలాడుకొనకుండ, ఒకే అంకె చెప్పుట కంటె గట్టి సాక్ష్యము వ్యాపారములోను లేదు.

కోబిలోని మరియొక పరికరము నిజముగా రెండు పళ్లెముల తక్కెడయే. రెండు కొమ్ములు, వాని నడుమ 60 డిగ్రీల కోణము. ఒక కొమ్ము చూచిన ఆకాశపు వేడి, రెండవ కొమ్ము చూచిన వేడి, ఈ రెండింటి తేడా మాత్రమే వ్రాయును. ఉపగ్రహము తిరుగుచుండుటచే కొమ్ములు చోట్లు మార్చుకొనుచుండును. పళ్లెములు అటునిటు మార్చి తూచి పాసంగము పట్టుట వంటిదే. పుట్టుకనాటి వెలుగులో ఒకచోట కొంచెము హెచ్చు, ఒకచోట కొంచెము తగ్గు ఉండవలెను. లేనియెడల నక్షత్ర మండలములు గుమిగూడుటకు ఆధారముండదు. ఆ తేడా కొరకు ఎందరో చాల ఏండ్లుగా కాచుకొని యుండిరి. అది కనబడినది, డిగ్రీలో లక్షవ వంతులు సుమారు మూడు.

ఇప్పుడు లాభమునకు వాలు ముల్లు. ఆ బృంద నాయకుడు జార్జి స్మూట్ ఏమి చేసెననగా, ఈ తూకములో తప్పు పట్టినవారికి లోకములో ఏ ఊరికైనను విమాన టిక్కెట్టు ఇచ్చెదనని తన వారికి చెప్పెను. భూమి యొక్క అయస్కాంతశక్తి తమ పరికరపు మీటలను కదిలించునా అని చూచిరి. కదిలించుచునే యుండెను, ఆ మేరకు తరుగు తీసిరి. మన పాలపుంత నక్షత్ర సముదాయము తానే వెదజల్లు రేడియో వెలుగును తీసివేయుట కొరకు స్మూట్ దక్షిణ ధ్రువమునకు పోయి దానిని వేరుగా కొలిచి వచ్చెను. ఇంత జరిగిన పిమ్మటనే 1992 ఏప్రిల్‌లో బయటపెట్టిరి. మేథర్‌కు, స్మూట్‌కు 2006లో నోబెల్ బహుమానము వచ్చినది. తన లాభములో తప్పు పట్టినవానికి బహుమతి ప్రకటించిన కొట్టు బజారులో ఎక్కడ నున్నదో చదువరులే వెదకవలెను.

అంగడిలో ఈ పనిని సర్కారు కొంత మన కొరకు చేయుచున్నది. 1956 నాటి చట్టముతో మణుగులు, శేర్లు పోయి 1958 అక్టోబరు మొదలు కిలోలు క్రమముగా వచ్చినవి. రాళ్లను ముద్రవేయించుకొనవలెను. ముద్రవేయువాని రాయిని పై కచ్చేరి రాయితో, దానిని ఇంకను పై రాయితో సరిచూచుచు పోగా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల చేరుదుము. అక్కడి కిలో ముద్దకు మూలము పారిస్ దగ్గర నుండిన లోహపు ముద్ద. 2019 మే 20 నుండి ఆ ముద్ద కూడ ప్రమాణము కాదు. ప్లాంక్ పేరనున్న ప్రకృతి అంకెతో కిలోను నిర్ణయించుచున్నారు. ఐనను ముద్ర ఉన్న రాయి అరిగిపోదని కాదు. ముద్రనాటికి ముద్రనాటికి నడుమ కాలమంతయు వర్తకుని మనస్సాక్షి మీదనే నడచుచున్నది.

కోబి తరువాత 2001లో డబ్ల్యుమాప్, 2009లో ఐరోపా వారి ప్లాంక్ అను ఉపగ్రహములు పోయినవి. అవి భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, ఎల్లప్పుడు సూర్యునికి వీపు చూపు చోట నిలిచి చూచినవి. ప్లాంక్‌లోని సన్నని వేడికొలతలను పరమశూన్యమునకు పైన డిగ్రీలో పదవ వంతు వరకు చల్లబరచిరి. ఆ ప్లాంక్ వలననే ఒక పెద్ద తూకపు తప్పు బయటపడినది.

దక్షిణ ధ్రువమున బైసెప్-2 అను దూరదర్శినితో పనిచేసినవారు 2014 మార్చి 17న ఒక వార్త చెప్పిరి. ఈ పురాతనపు వెలుగు తరంగములు కంపించు దిక్కులలో ఒక సుడి కనబడినదనియు, అది విశ్వపు తొలి క్షణమునాటి గురుత్వ తరంగముల ముద్ర యనియు చెప్పిరి. లోకమంతయు సంతోషించినది. వారు మోసగాండ్రు కారు. తమ పరికరమును మూడేండ్లు సరిచూచుకొనిరి. కాని వారు చూచినది ఒకే తరంగపు రంగులో. మన పాలపుంతలోని ధూళి కూడ అట్టి సుడినే చూపును. రెండు మూడు రంగులలో చూచినగాని ధూళి ఏదో, పురాతనపు వెలుగు ఏదో తెలియదు. ఆ రంగులలో చూచుచుండినది ప్లాంక్. అది ఆకాశపు ధూళి లెక్కను అదే సంవత్సరము సెప్టెంబరులో చెప్పినది. 2015లో ఇరువురును కలిసి లెక్కవేయగా, బైసెప్ సుడిలో ఎక్కువ భాగము ధూళియే కావచ్చునని, పురాతనపు ముద్ర కనబడినదని చెప్పుటకు వీలులేదని తేలినది. అసలునకు బదులు దానిని పోలినది. శాస్త్రకారులు ప్రతిరూపకమనిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము వెదకినను దొరకదు, ఒక్క భేదముతో: అమ్మినవానికి కూడ తెలియదు.

వారికి దోషము కలదా? తూకము వేసినందుకు లేదు. తూచిన పిమ్మట, ప్రక్క కొట్టులో సరిచూచు తక్కెడ ఉన్నదని తెలిసియు, ఆ తూకము వచ్చువరకు, తోటివారు పరీక్షించి అచ్చు వేయువరకు ఆగక సభ పెట్టి చాటుటలో కొంత కలదనవలెను. అటు పిమ్మట తప్పు చూపినవారితోనే కూర్చుండి, తమ పేర్లతోనే సవరణను ప్రకటించుట వారి గొప్పతనము. ఎక్కువ పుచ్చుకొన్న గింజను రైతు ఇంటికి తామే మోసికొనిపోయి ఇచ్చినట్లు. చాటినంత గట్టిగా సవరణ వినబడలేదు. అది వారి తప్పు కంటె వినువారి తప్పు.

ఈ సందర్భమున మన ఇంటిలోని తక్కెడ మాటయు చెప్పవలసియున్నది. లోకము అనాది యని, దానిని సృజించినవాడు లేడని మన ఆగమములు చెప్పును. విశ్వమునకు 1380 కోట్ల ఏండ్లని వినగానే కొందరు కలవరపడి ఈ శాస్త్రమే అబద్ధమందురు. మరికొందరు, ముందొక సంకోచము, తరువాత విస్తారము, ఇది మన కాలచక్రమే, ఉపగ్రహము మన మాటకు సాక్ష్యమిచ్చినది అని ఉపన్యాసములు చేయుదురు. ఈ రెండవవారే ఎక్కువ అపాయము. వారి ముల్లు మనకు లాభముగా వాలుచున్నది గనుక ఎవరును వంగి చూడరు. కోబి గాని ప్లాంక్ గాని సృష్టిని చూడలేదు. వేడిగా, దట్టముగా నుండిన ఒక స్థితి చల్లబడి వెలుగు విడిపడిన నాటిని చూచినవి. దాని ముందేమి అను ప్రశ్నకు ఆ పరికరములు అవునని అనలేదు, కాదని అనలేదు. ఒక అపేక్షతో ఇంతవరకు నిజము, దాని ఆవల చెప్పరాదు అని పలుకు సప్తభంగిని పుట్టించిన వారి సంతతి, యంత్రము చెప్పని మాటను దాని నోట పెట్టుట తగదు. అదియు హీనాధికమానమే.

చివరిమాటగా దేశనూరు వారికి సమీపమైన కథ ఒకటి. బళ్లారి సరిహద్దును ఆనుకొన్న పాత అనంతపురము జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా యనుచున్న భాగమున, చెన్నేకొత్తపల్లి సమీపమున టింబక్టు అను చోటు కలదు. 1990 మొదలు అక్కడ బీడు నేలను అడవిగా మార్చుచు, రైతుల సహకార సంఘములు నడుపుచున్నారు. సి.వి. రామన్ 1948లో బెంగుళూరున స్థాపించిన రామన్ పరిశోధన సంస్థ వారు తమ సరస్-2 అను రేడియో పరికరమును ఆ కొండల నడుమ నిలిపిరి. పట్టణపు రేడియో రొదలు అక్కడ తక్కువ. మొదటి నక్షత్రములు వెలుగుటకు పూనుకొన్నప్పుడు, ఉదజని వాయువు ఈ పురాతనపు వెలుగులో కొంచెము మ్రింగి ఒక మచ్చ విడిచియుండవలెను. ఆ మచ్చను వెదకుట వారి పని. 2017లో వారు ప్రకటించినది, కనబడలేదని. కనబడలేదు గనుక ఇట్టిట్టి ఊహలు నిజము కావని తేల్చిరి. లేదని చెప్పుటకు కూడ సరియైన తక్కెడ కావలెను. ఖాళీ పళ్లెమును పట్టుకొని లేదనువాని మాటకు విలువ ఏమి?

2018లో ఆస్ట్రేలియా ఎడారి నుండి ఎడ్జెస్ అను అమెరికా బృందము ఆ మచ్చ కనబడినదని, అదియు అనుకొన్న దానికి రెండింతలకు పైగా లోతని ప్రకటించినది. వారు రెండేండ్లు సరిచూచుకొని మరి చెప్పినవారు. లోకమునందలి సిద్ధాంతులు మరల కలములు పట్టిరి. రామన్ సంస్థ వారికి ఒక అనుమానము: పరికరము క్రింది నేలలోని పొరలే, రాయి ఒకచోట తేమ ఒకచోట ఉండుటచే, మచ్చ వంటి దానిని పుట్టింపవచ్చును గదా? కనుక నేలనే విడిచిరి. 2020 మొదట సరస్-3ను తెప్ప మీద నిలిపి, కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువు మీదను, శరావతి వెనుక నీటి మీదను తేలించిరి. నీరు అంతట ఒక్క తీరుగా నుండును. క్రింద నుండి కల్తీ రాదు. 2022 ఫిబ్రవరిలో వారు చెప్పిన తూకము, ఎడ్జెస్ వారు చెప్పిన మచ్చ తమకు కనబడలేదని, అది ఆకాశముది కాదనుటకు తమకు 95 పాళ్లు నమ్మకమని. నూరు పాళ్లు అనలేదు.

ఎడ్జెస్ వారికి దోషము కలదని ఎవరును అనజాలరు. చేతనైన జాగ్రత్త అంతయు పడిరి. ఎట్లు కొలిచితిమో విప్పి చెప్పిరి. కనుకనే ఇంకొకరు సరిచూడగలిగిరి. తక్కెడను గిరాకీదారుని కంటికి ఎదురుగా వ్రేలాడదీసి తూచుటకు, గోనె మాటున తూచుటకు ఉన్న తేడా ఇదియే.

నేల మీద ఎంత వెదకినను రేడియో రొద లేని చోటు దొరకుట దుర్లభమగుచున్నది. అందుచే రామన్ సంస్థ వారు ప్రతుష్ అను పరికరమును చంద్రుని చుట్టు తిరుగునట్లు పంపవలెనని ఇస్రోతో కలిసి ఏర్పాట్లు చేయుచున్నారు. చంద్రుని ఆవలి ప్రక్కకు పోయినప్పుడు భూమి మీది ప్రసారము ఒక్కటియు వినబడదు. అంత నిశ్శబ్దములోను మిగులునది పరికరపు సొంత రొదయే గనుక, దానిని తానే మధ్య మధ్య సరిచూచుకొను గ్రాహకమును అందులో అమర్చుచున్నారు.